పాకం పొయ్యి దగ్గర పెళ్లి

ప్రభుత్వం అన్న మాట వింటే చాలు, హాలిస్ ఒంటికాలి మీద లేస్తాడు. కుక్కకి కూడా లైసెన్సు తీసుకోని మనిషి. డోర్కస్‌తో ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేశాడు గానీ, పెళ్లి కాగితానికి మాత్రం ససేమిరా అన్నాడు. ఆమె పోయి నాలుగేళ్లయింది.

ఆ శుక్రవారం పొద్దున్నే తమ్ముడు ఎవరెట్ వచ్చాడు. వెనకాల లూసియన్, ఆయాసపడుతూ. పాతికేళ్లుగా ఇద్దరూ పక్కింట్లోనే కాపురం.

"అన్నయ్యా, పెళ్లి చేసుకుంటున్నాం. జనవరి నుంచి మన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో మాలాంటివాళ్లకీ లైసెన్సు ఇస్తున్నారుగా. సోమవారం వీడికి గుండె ఆపరేషన్."

"పాతికేళ్లు కలిసుండి ఇప్పుడెవడి అనుమతిరా నీకు? ఆడామగా అయినా, ఇద్దరు మగాళ్లయినా, పెళ్లితో సర్కారుకేం పని?"

"ఏ పనీ లేదు. నువ్వు తోడు రా, చాలు."

హాలిస్ గొణుక్కుంటూనే ట్రక్కు తీశాడు. టౌన్ ఆఫీసుకి తాళం! అయ్యో, మార్చి నెలని ముగ్గురిలో ఒక్కడికీ గుర్తు రాలేదు. మేపుల్ చెట్లకి తీపి రసం దిగుతుంటే లైసెన్సులు రాసే క్లర్కు బర్నిస్ ఆఫీసులో ఎందుకుంటుంది? ఆ రసాన్ని పాకంగా కాచే పాకలో ఉంటుంది. అక్కడికే వెళ్లారు.

"మంగళవారం రండి," అంది బర్నిస్, ఆవిరిలోంచి తల తిప్పకుండానే. "పొయ్యి వదిలితే రసమంతా మాడిపోతుంది."

లూసియన్ కట్టెల మోపు మీద కూలబడ్డాడు. హాలిస్ కోటు విప్పాడు.

"నువ్వు రాయి. పొయ్యి నేను చూస్తా."

"నువ్వా? సర్కారు పనికి సాయమా? సూర్యుడు ఇవాళ పడమట పొడిచాడా ఏం?"

"నోరు మూసుకుని రాయవే తల్లీ!"

ఆమె సంచీలోంచి లైసెన్సు కాగితం తీసి, డబ్బా మూత మీద పెట్టి రాసింది. పెళ్లి జరిపించే అధికారమూ ఆమెదే. "ఎవరికైనా అభ్యంతరమా?" అనడిగింది.

"నాకుంది," అన్నాడు హాలిస్. లూసియన్ మొహం పాలిపోయింది. "ఆ కాగితం మీద. వీళ్ల మీద కాదు. కానియ్."

సంతకాలయ్యాక ఎవరెట్ అన్నని వాటేసుకున్నాడు. "అంత తిట్టినవాడివి, ఎందుకొచ్చావన్నయ్యా?"

"డోర్కస్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, 'మీరేమవుతారు?' అనడిగారు. మొగుణ్ణన్నాను. వాళ్లక్క వచ్చి, పెళ్లే కాలేదంది. దాన్ని లోపలికి పంపారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. డోర్కస్ అలాగే పోయింది." హాలిస్ పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. "కాగితం అడగడం తప్పేరా. ఇప్పటికీ తప్పే అంటాను. కానీ సోమవారం నువ్వు లోపలికి వెళ్లాలి."

ఎవరెట్ కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.