గండికి అవతల టాంకరు

నేను ఒక నీళ్లు శుద్ధిచేసే యంత్రాన్ని. ఎక్కడో దూరదేశంలో, సైన్యం కోసం నన్ను తయారుచేశారు. ఒకవైపు బురదనీళ్లు తోడుకుని మరోవైపు గంటకు రెండువేల లీటర్ల మంచినీళ్లు ఇస్తాను. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. ఆ ఒక్కటీ చూపించనివ్వకుండా మనుషులు నన్ను ఎంత విసిగించారో వినండి.

తుపాను వచ్చి కృష్ణా డెల్టా చివరన ఉన్న మెరకపాలెం ఊరిని ముంచేసింది. మీ ప్రభుత్వం సాయం అడిగింది, మా ప్రభుత్వం సరేనంది. సైన్యం సామాను చూసి జనం బెదిరిపోతారని నా ఆకుపచ్చ ఒంటికి పెళ్లింటి గోడలా తెల్లరంగు పూశారు. హెలికాప్టరుకు వేలాడదీసి తెచ్చి, ఊరంతా తలదాచుకున్న తుపాను షెల్టరు ముందు దింపారు. నన్ను నడిపే సార్జెంటు లిండ్ కూడా వచ్చాడు. చేతిలో తుపాకీ లేదు, ఒక ఫైలుంది.

ఆ ఫైలే నా పాలిట శని. మామూలు సాయం అందే దారి లేదని స్థానిక ప్రభుత్వాధికారి రాసిస్తేనే పరాయి సైన్యం సామాను వాడాలట. నియమం చెడ్డదని అనను. సాయం పేరు చెప్పి పరాయి సైనికులు ఊళ్లో తిష్ట వేస్తే ఎవరికి బాగుంటుంది? కాని దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా!

తహసీల్దారు శేషావతారం పడవలో వచ్చారు. అప్పటికే షెల్టరులో ముప్పైమందికి విరేచనాలు. ఊరి నర్సు కరుణకుమారి దగ్గర ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచులనిండా ఉన్నాయి, కలపడానికి గుక్కెడు మంచినీళ్లు లేవు. నీళ్లు లేవని రాసివ్వమని ఆవిడ బతిమాలింది.

"లేవని ఎలా రాస్తానమ్మా? టాంకరు వచ్చింది కదా! రోడ్డు తెగి గండికి అవతల ఆగిందంతే."

"అవతలుంటే మా గొంతులోకెలా వస్తాయండీ?"

"ఉన్నదాన్ని లేదని రాస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. గండి పూడ్చగానే వచ్చేస్తుందిలే."

ఆయన వచ్చిన పడవలోనే వెళ్లిపోయారు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా మాత్రం మర్చిపోకుండా చంకలో పెట్టుకున్నారు.

మర్నాడు రత్తాలు అనే ముసలమ్మ చనిపోయింది. నేను ఆమెకు ఇరవై అడుగుల దూరంలో, ట్యాంకునిండా ఇంధనంతో ఊరికే కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మనవరాలికి ఏడాది కూడా నిండలేదు. కళ్లు లోతుకు పోయాయి, పొద్దున్నించి ఉచ్చ పోయలేదు.

కరుణకుమారి ఆ పిల్లను చంకనేసుకుని లిండ్ దగ్గరికి వచ్చింది. అధికారి అంటే ఎవరని తనకు వచ్చిన ఇంగ్లీషులో అడిగింది. అతను ఫైలు తీసి చూపించాడు. అందులో ప్రభుత్వాధికారి అనే ఉంది, తహసీల్దారే కావాలని లేదు. ఆవిడ చదివి, భగ్గుమని తెలుగులోకి దిగిపోయింది.

"నేనెవర్ననుకున్నావయ్యా? ఇరవైరెండేళ్ల సర్వీసు నాది. నేనూ గవర్నమెంటు మనిషినే!"

టీకాల రిజిస్టరులోంచి కాగితం చింపి, నా మూత మీదే పెట్టి, నీళ్లు అందే దారి లేదని రాసింది. ఆరోగ్య ఉపకేంద్రం గుండ్రటి స్టాంపు దానిమీద ఠపీమని కొట్టింది. లిండ్ ఆ స్టాంపును చూశాడు, పిల్లను చూశాడు. ఫైలు మూసి నా స్విచ్చి నొక్కాడు.

సాయంత్రానికి ఆ పిల్ల కరుణకుమారి చీరంతా తడిపేసింది. "పోసిందే, నా తల్లి పోసిందే!" అని ఆవిడ అరిస్తే షెల్టరంతా నవ్వింది. ఉచ్చకు పండగ చేసుకునే మనుషులను నేను అక్కడే చూశాను.

నాలుగు రోజులు ఆగకుండా నడిచాను. ఐదోరోజు గండి పూడింది, టాంకరు వచ్చింది. ఇక నా అవసరం లేదని తహసీల్దారు కాగితం కూడా దాంతోపాటే వచ్చింది. ఈ కాగితం రాయడానికి మాత్రం ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు! సరైన అనుమతి లేకుండా నడిచానంటే రెండు ప్రభుత్వాలకూ చిక్కేనని, మా పైవాళ్లు నా పని లెక్కలు రాసే పుస్తకంలో ‘వాడలేదు’ అని రాసి పెట్టారు.

మళ్లీ ఆకుపచ్చ రంగు వేసి నన్ను ఒక షెడ్డులో పడేశారు. లిండ్ రిటైరయ్యాడు. మెరకపాలెం ఒండ్రు ఇంకా నా జల్లెడలోనే ఉంది, తీసి చూసినవాడు లేడు. మొన్న ఇంకెక్కడో భూకంపం వచ్చిందట. కొత్త అధికారి నా పుస్తకం తిరగేసి, "ఇది ఒక్కసారి కూడా పనిచేయలేదు, దీన్ని నమ్మి ఎలా పంపుతాం?" అన్నాడు. నా ఎదుటే వేరొకదాన్ని వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. అక్కడా ఎవరో ఒకావిడ దగ్గర పొట్లాలుంటాయి, నీళ్లుండవు.

కరుణకుమారి గారూ, మీ గుండ్రటి స్టాంపు ఒక్కసారి ఇటు పంపుతారా?