నాకు పోసిన మంచినీళ్ళు

నేను ఒక వ్యానులో మంచం కింద కాపురమున్న బ్యాటరీని. సీసం పలకలు, ఆమ్లం, నల్లటి పెట్టె, పైన ఆరు మూతలు, ఇదీ నా ఒళ్ళు. ఫ్యాక్టరీలో పుట్టి, కాకినాడలో ఒక కొట్టుకి చేరి, అక్కణ్ణుంచి సత్తిరాజుగారి చేతుల్లో పడ్డాను.

ఆయన గోదావరి మీద లాంచీ నడిపి రిటైరయ్యారు. పాత వ్యాను కొని, లోపల మంచం, గ్యాసుపొయ్యి, చిన్న ఫ్రిజ్జు పెట్టించి, భార్య నూకరత్నంగారితో ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. ఇంజనుకి వేరే బ్యాటరీ ఉండేది. ఫ్యాను, దీపం, ఫ్రిజ్జు నా వంతు. ఆ ఫ్రిజ్జులో ఆవిడ ఇన్సులిన్ ఉండేది. వ్యాను కప్పు మీది సోలారు పలక నన్ను నింపుతుంటే, ఆ మందు వెచ్చబడకుండా కాపలా కాసేదాన్ని.

దసరాకి ఆవిడ నాకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేవారు. దుమ్ము పడకుండా తన పాత తువ్వాలు కప్పేవారు. ఎవరైనా వ్యాను చూడటానికొస్తే మంచం పలక ఎత్తి, "ఇది మా ఇంట్లో మూడో మనిషండీ" అనేవారు. నేను నమ్మాను.

నాకు అప్పుడప్పుడూ నీళ్ళు పోయాలి. వాటిని బ్యాటరీ నీళ్ళని విడిగా అమ్ముతారు. ఒకసారి అరకు దారిలో అవి అయిపోతే సత్తిరాజుగారు తాగే నీళ్ళ సీసా తెచ్చారు.

"అవి పోయొచ్చాండీ?" అని ఆవిడ అడిగారు.

"మంచినీళ్ళే కదా రత్నం. మంచివి కాకపోతే ఆ పేరెందుకెడతారు?"

ప్రేమగానే పోశారు. తమకి మంచిదైతే లోకానికంతా మంచిదని మనుషుల నమ్మకం. ఆ తర్వాత ఎప్పుడూ అవే నీళ్ళు. వాటిలో నాలిక్కి తెలియనంత ఉప్పు నా పలకలను తినేసింది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, భీమిలి ఒడ్డున, ఫ్రిజ్జు ఆగిపోయింది. ఆవిడ మందు సీసాని చెంపకి ఆనించి చూసుకున్నారు. వెచ్చగా ఉంది.

నా బదులు లిథియం బ్యాటరీ వెయ్యడానికి మెకానిక్ అప్పలకొండ వచ్చాడు. నా మూతలు విప్పి చూసి, "ఇంత తొందరగా పోకూడదే. ఏం నీళ్ళు పోశారు బాబాయ్?" అన్నాడు.

"బ్యాటరీ నీళ్ళే. ముసల్దైపోయింది, అంతే."

"అంతేనా పిన్నీ?"

నేను ఆవిడ నోటివంక చూస్తూ ఉండిపోయాను. ఆవిడ నా మీంచి తీసిన తువ్వాలు మడతపెడుతూ, "ముసల్దైపోయింది నాయనా" అన్నారు.

నన్ను మంచం కిందనుంచి తియ్యడానికి ఇద్దరు కావలసొచ్చారు. ఆ కొత్తదాన్ని అప్పలకొండ ఒక్కడే చంకలో పెట్టుకొచ్చాడు. దీనికి నీళ్ళక్కర్లేదని అతను చెబితే సత్తిరాజుగారు హమ్మయ్య అనుకున్నారు. నేనింకా వ్యాను గుమ్మం దాటలేదు. ఆవిడ మడత విప్పి తువ్వాలు దానికి కప్పారు.

ఇప్పుడు అప్పలకొండ కొట్టు వెనక పాత సామాన్ల మధ్య ఉన్నాను. కరిగించి మళ్ళీ బ్యాటరీ చేస్తారట. విప్పిన మూతలు ఎవరూ బిగించలేదు. నిన్న వాన పడి, ఉప్పు లేని నీళ్ళు లోపలికి దిగాయి. నాకు మంచినీళ్ళంటే అవి. నా పైనున్న బొట్టు తడిసి, పక్కనుంచి ఎర్రగా కారిపోయింది.