పుచ్చు కొమ్ము

మిషను వచ్చిన రోజు దానికి బొట్టు పెట్టింది శంకరమ్మే.

నిజామాబాద్ మార్కెట్ యార్డు వెనుక ఉన్న ఆ పసుపు గోదాములోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ముందుగా బొట్టు పెట్టడం ఆమె వంతు. ఆ రోజూ అలాగే తడి పసుపు రాసి, కుంకుమ అద్ది, లింబాద్రి గుట్ట నరసింహస్వామిని తలుచుకుంది. "దీనికి మంచి చూపు ఇయ్యి తండ్రీ" అని మొక్కింది.

"అక్కా, గా అద్దం మీద పెట్టకు! గదే దాని కన్ను" అని సూపర్‌వైజర్ సురేందర్ అరిచాడు.

"కండ్లల్ల పసుపు కొడితే పెండ్లికొడుకు గూడ ఊకోడు" అంది ముసలి భూమవ్వ. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

వాళ్లు పదకొండు మంది. రైతులు తెచ్చిన ఎండు పసుపు కొమ్ముల్లోంచి పురుగు తొలిచినవీ, నల్లబడినవీ, లోపల పుచ్చిపోయినవీ ఏరి పారేయడం పని. బీడీల పని తగ్గిపోయి ఇటు వచ్చినవాళ్లే సగం మంది. భూమవ్వకైతే తల్లీ తండ్రీ లేని మనవరాలొకతి ఉంది. శంకరమ్మ ఇరవై రెండేళ్లుగా ఏరుతోంది. అందుకే మిషనుకు నేర్పే పని ఆమెకే అప్పజెప్పారు. బెల్టు మీద కొమ్ములు కదిలి వస్తుంటే ఆమె ఏరాలి. పైనున్న కెమెరా ఆమె చేతుల్ని చూసి నేర్చుకుంటుంది. ఆమె లెక్క ఒకటీ దాని లెక్క ఒకటీ అయినప్పుడల్లా ఎర్ర లైటు వెలుగుతుంది.

మొదటి రెండు రోజులు ఆ లైటు ఆరనే లేదు. "గుడ్డిది తెచ్చిండ్రు" అని అందరూ ఎగతాళి చేశారు. నాలుగో రోజుకు అప్పుడొకటి, ఇప్పుడొకటి. ఆరో రోజు పొద్దున సురేందర్ ఫోన్లో అంటున్న మాట శంకరమ్మ చెవిన పడింది.

"ఇంకో రెండు దినాలు లైటు వెలగకుంటే సాలు సేట్. ఏరే బల్ల ఎత్తేద్దాం. పదకొండు మందీ వద్దు."

మిషనుకు తప్పు నేర్పాలి. ఇంకో దారి లేదు.

కానీ చేతిలో ఉన్నది పసుపు. గౌరమ్మను చేసేది దీనితోనే, పెళ్లిపిల్లకు రాసేది దీన్నే. పదకొండు కడుపుల కోసం ఒక్క పుచ్చు కొమ్ము కలిపితే పాపమా, స్వామీ? ఆమె అడుగుతూనే ఉంది. ఈలోగా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసు ఆపమన్నా వేళ్లు చెడ్డవాటిని చెడ్డ గంపలోకే విసురుతున్నాయి.

అప్పుడొక కొమ్ము వచ్చింది. పైకి నిగనిగలాడుతోంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిక. లోపల పుచ్చని చేతికి తప్ప ఎవరికీ తెలియదు. కంటికి బరువు ఎలా తెలుస్తుంది? శంకరమ్మ కళ్లు మూసుకుని దాన్ని మంచి గంపలో వేసింది.

ఎర్ర లైటు వెలిగింది.

"ఏందక్కా, చెయ్యి తప్పిందా?" సురేందర్ వచ్చి ఆ కొమ్మును పుటుక్కున విరిచాడు. బూడిదలాంటి పొడి రాలింది. "సూసినవా! ముట్టకుంటనే పట్టేసింది!"

"గా కొమ్ము బరువు దానికెట్ల తెలిసింది?" అని ఆమె అడిగింది.

"నాకేమెరుక? నీ చేతులు సూసే నేర్చింది గదా. తోలు మీద నీ కన్ను ఏం గుర్తు పడుతదో, గదే పట్టింది కావచ్చు."

తన కన్ను ఏ గుర్తు పడుతుందో శంకరమ్మకే తెలియదు. ఇన్నేళ్లూ అదంతా చేతి విద్య అనే అనుకుంది. తనలో ఉండి తనకే తెలియనిదాన్ని ఈ ఇనుము ఆరు రోజుల్లో తవ్వుకుపోయింది. ఇంకేమేం తీసుకుందో!

"నువ్వు జర కూసో అక్కా. మిషను ఒక్కదాన్నే ఏరనిద్దాం" అని సురేందర్ మీట నొక్కాడు.

బెల్టు చివర బుస్, బుస్ మని గాలి కొట్టింది. పుచ్చువి మాత్రమే ఎగిరి అవతల పడ్డాయి. ఒక్కటీ తప్పిపోలేదు. దాని నుదుట ఆమె పెట్టిన బొట్టు ఇంకా చెదరలేదు.

ఏరే బల్ల దగ్గరి నుంచి భూమవ్వ కేకేసింది. "ఇంకా తప్పులు జేస్తుందా బిడ్డా, మీ గుడ్డిది?"

అందరూ నవ్వడానికి సిద్ధంగా తలలెత్తి చూస్తున్నారు. పైనున్న అద్దం కన్ను తన వైపే చూస్తున్నట్టనిపించి, శంకరమ్మ రెండు చేతులూ గబగబా కొంగు కింద దాచుకుంది.