ఇంట్లోవాళ్ళు నింపాల్సిన ఫారం

ఆస్పత్రిలో పరిశోధన చేసేవాళ్ళ ఫారాలు రెండు. మొదటిది మనసు బాగాలేని మనిషి నింపాలి. రెండోది ఆ మనిషితో ఒకే కప్పు కింద ఉంటున్నవాళ్ళు నింపాలి. మొదటిది కోడలు ఏదీ దాచకుండా నింపింది. రెండోది భర్త నింపాడు.

ఆయన ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. బోల్టు చూడటం, టిక్కు కొట్టడం, ఇంకో బోల్టు చూడటం. అదే చేత్తో భార్యకీ వరసగా ‘బాగుంది’ అని టిక్కులు కొట్టేశాడు. నిద్ర బాగుందట. ఆయనది బాగానే ఉంటుంది మరి. ‘ఇదివరకు ఇష్టంగా చేసే పనులు మానేశారా?’ అన్నచోట మాత్రం శ్రమపడి మూడు ముక్కలు రాశాడు: ‘అలాంటి అలవాట్లు లేవు.’

“రెండు ఫారాలకీ పొంతన కుదరడం లేదండీ,” అంది పరిశోధకురాలు ఇబ్బందిగా. “కుదిరితేనే తీసుకోవాలని నియమం. డిప్రెషన్‌కి పన్నెండు వారాల మాటల వైద్యం ఇది. ఒక్క సీటే మిగిలింది. సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తాం.”

కోడలికి ఆ సీటు కావాలి. ఆరు నెలలుగా పొద్దున్నే లేవడమంటే తడిసిన పరుపుని ఒక్కతే మేడెక్కించినట్టుంది. ఏడుస్తుందేమోనని పరిశోధకురాలు టిష్యూల డబ్బా ఇటు జరిపింది. కోడలు దాన్ని అటు జరిపింది.

“ఒకే కప్పు కింద అన్నారు గానీ, మొగుడే అనలేదుగా? ఇంకో ఫారం ఇవ్వండి.”

ఇంటికొచ్చి ఆ ఫారం అత్తగారి ముందు పెట్టింది.

“వాడు రాశాడుగా?”

“ఆయన బోల్టుకి రాశారు. మీరు మనిషికి రాయండి.”

“నిజం రాస్తే తట్టుకోలేవు.”

“రాయండి, చూద్దాం.”

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, కాగితానికి చిల్లు పడేలా నొక్కి రాసింది. ‘గిన్నె తోముతూ అరగంట నిలబడుతుంది. గిన్నె అదే.’ ‘టీవీ ముందు కూర్చుంటుంది. టీవీ పెట్టదు.’ ఇష్టమైన పనుల దగ్గర కలం కాసేపు ఆగింది. తర్వాత రాసింది: ‘నాతో పోట్లాడటం మానేసింది. నలభై రోజులైంది. నాకు భయంగా ఉంది.’

కోడలు నిలబడే చదివింది. “లెక్కపెట్టారా?”

“మరి ఇంట్లో నాకింకేం కాలక్షేపం?”

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన భర్త, “మళ్ళీ ఎక్కడికి? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?” అన్నాడు.

“నలుగురికీ తెలిసినా ఫర్లేదు. ఇంట్లో ఉండి మీకు తెలియలేదు, అదీ నా బాధ.”

గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి అత్తగారు: “ఆ అరిగిపోయిన చెప్పులతోనే ఊరేగుతావా?”

కోడలు గిర్రున తిరిగింది. “వీటితోనే ఊరేగుతాను. మీకేం నొప్పి?”

అత్తగారి మొహం వెలిగిపోయింది. అంతలోనే గొంతు తగ్గించి, “ఆ నోరు అక్కడ తెరవకు. సీటు పోతుంది,” అంది.

పోలేదు. ఐదుకి ఆరు నిమిషాలుందనగా పరిశోధకురాలు ఫారం రెండుసార్లు చదివి, జాబితాలో ఆఖరి పేరు రాసుకుంది.

“మీ వారి ఫారం తీసెయ్యనా?”

“వద్దు, పక్కనే ఉంచండి. జబ్బుతో పాటు ఎక్కడ కాపురం చేస్తున్నానో కూడా తెలియాలిగా డాక్టరుగారికి.”