ఎల్వుడ్ కిటికీలో బల్బు

పారతో తారుముద్ద తీసి గుంతలోకి దించి, ఎల్వుడ్ హిర్టిల్ దాన్ని బూటుకాలితో గట్టిగా తొక్కాడు. పార వెనక్కి తిప్పి రెండు దెబ్బలు వేశాడు. తర్వాతి గుంత దగ్గరికి నడిచాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. చలికాలమంతా మంచు తోసే లారీ నడుపుతాడు, మంచు కరిగాక ఆ లారీ చెక్కేసిన రోడ్డుకు మాసికలు వేస్తాడు. చెడగొట్టడానికీ బాగుచేయడానికీ ఒకే మనిషికి జీతం ఇస్తోంది మా నోవాస్కోషియా రాష్ట్ర సర్కారు అని మేం నవ్వుకునేవాళ్లం. అతనూ నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా.

అరవై నాలుగేళ్ల మనిషి. పొట్టి మెడ, ఎండకీ చలికీ ఒకేలా ఎర్రబడే చెవులు, గోళ్లలో ఎన్నిసార్లు కడిగినా పోని తారు. పెళ్లి చేసుకోలేదు. అడిగితే "కుదర్లేదు" అనేవాడు, అంతే. ఆ రోజు వేసుకున్నది గళ్ల ఉన్ని చొక్కా. దాని ఎడమ జేబుకు గుండీ పెట్టి ఉంది. పదేసి నిమిషాలకోసారి చెయ్యి ఆ జేబు మీదికి వెళ్లి వస్తోంది.

జేబులో తడిగుడ్డ ఉంది. అందులో బొటనవేలి కణుపంత గుమ్మడి గింజ. అంచులు గోళ్ల ఆకురాయితో అరగదీసి, ఒంటివేడికి మొలకెత్తాలని మూడు రోజులుగా మోస్తున్నాడు. రాత్రి దిండు కింద, పగలు గుండె మీద. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా రోడ్డులో పద్నాలుగు ఇళ్లు. అన్నిళ్లలోనూ పెంచేది రాక్షస గుమ్మడే. అక్టోబరు తూకం పోటీకి ఒక్కో కాయను మోకుల్తో లేపి లారీకెక్కించాలి. ఏప్రిల్ చివర ఇంట్లో కుండీలో గింజ వేస్తాం. రెండు వారాలు దాటితే వేళ్లు కుండీలో చుట్టుకుపోతాయి, మొక్కను నేలలో పెట్టక తప్పదు. తొందరపడితే నేల చల్లగా ఉంటుంది. ఆలస్యమైతే కాయ ఊరకముందే తూకం వచ్చేస్తుంది. పది రోజుల తేడా మూడు వందల పౌన్ల తేడా. అందుకని మేం క్యాలెండర్ చూడం, ఎల్వుడ్ వంటింటి కిటికీ చూస్తాం. అతను కుండీ మీద బల్బు వెలిగించి కిటికీ తెర ఎత్తాడంటే, మర్నాడు పొద్దున రోడ్డంతా గింజలు వేస్తుంది. అతని కాయ ఎన్నడూ నాలుగో స్థానం కంటే పైకి రాలేదు. కానీ అతని తేదీ నమ్మినవాడెవడూ మొక్క పోగొట్టుకోలేదు, నిరుటి దాకా.

నిరుడు వేసవి ముందే వచ్చినట్టు ఎండ కాసింది. పదమూడు రోజులు ముందుగా తెర ఎత్తాడు. జూన్ నాటికి తీగలు ప్లాస్టిక్ గుడారాల్లోంచి బయటికి పాకాయి. జూన్ మూడున తెల్లవారుజామున గడ్డమంచు పడింది. పొద్దెక్కేసరికి తీగలన్నీ ఉడకబెట్టిన ఆకుకూర.

అందరం తిట్టుకుని మర్చిపోయాం. హిల్డా వెయినాట్ ఇంటి సంగతి వేరు. ఆమె భర్త స్టాన్లీ అప్పటికి మంచం పట్టి ఉన్నాడు. మంచం కిటికీ పక్కకి జరిపించుకుని, పడుకునే, హిల్డా చేత చేయిస్తూ, ఆ ఏటి తీగను పెంచాడు. నల్లబడ్డ తీగను చూసి మూడు వారాలు బతికాడు. మంచు పడకపోయినా అతను పోయేవాడే. ఎల్వుడ్‌కి అది తెలుసు. తెలిసినా ఆ తర్వాత వాళ్ల వంటింటి గడప తొక్కలేదు.

"ఏరా, ఇంకా తెర ఎత్తవా?" అన్నాడు క్లైవ్, మధ్యాహ్నం లారీ మెట్టు మీద కూర్చుని ఉప్పుచేపా బంగాళాదుంపా తింటూ. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే లారీ. "మా ఆవిడ రోజూ నీ కిటికీకేసి బైనాక్యులర్స్ పెట్టుకు కూర్చుంటోంది. నన్నెప్పుడూ అంత ఇదిగా చూళ్లేదు."

"ఇంకా లేదు."

"పక్క లోయలోవాళ్లు వేసి వారమైందట."

"వెయ్యనీ."

"భయం పట్టుకుందిరా నీకు."

ఎల్వుడ్ చెయ్యి జేబు మీదికి వెళ్లింది. "ఏంటా గుండె పట్టుకోవడం? ప్రేమా?" అన్నాడు క్లైవ్. ఎల్వుడ్ చెవులు ఎర్రబడ్డాయి. నిజానికి పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. పార పని కదా అనుకున్నాడు.

నాలుగు గంటలకి హిల్డా ఇంటి ముందు గుంత దగ్గరికి వచ్చారు. ఆమె ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడి చూసింది. బక్కపలచని మనిషి, స్టాన్లీ కోటు వేసుకుని ఉంది.

"తేనీళ్లు తాగుతారా?" అంది.

"పని ఉందమ్మా," అన్నాడు ఎల్వుడ్, గుంతకేసి చూస్తూ.

"పది నెలలుగా నీకు పనే. గుంత పూడ్చడానికి ఇంత సిగ్గుపడేవాణ్ణి ఎక్కడా చూళ్లేదయ్యా." క్లైవ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. "ఈ ఏడు నేను వెయ్యట్లేదులే. నేల అలాగే ఉంచేస్తున్నా. నాకోసం నువ్వేం లెక్కలు వెయ్యక్కర్లేదు."

ఎల్వుడ్ తల ఊపాడు. ఆ గుంత మీద నాలుగు దెబ్బలు వేశాడు, రెండు చాలినా.

ఇల్లు చేరాక బూట్లు విప్పకుండానే పెరట్లోకి వెళ్లి, వాళ్లమ్మ పంచదార పాకాలకి వాడిన ఉష్ణమాపిని నేలలో గుచ్చాడు. పద్నాలుగు డిగ్రీలు, నిన్నటికంటే ఒకటి ఎక్కువ. కొండదారి ఎక్కినట్టు ఊపిరి ఆడలేదు, కంచె పట్టుకుని నిలబడ్డాడు. దిగువన చిత్తడినేలలో చిట్టికప్పలు అరవడం మొదలుపెట్టాయి. చలి వాటి నోరు మూడుసార్లు మూయించాలి, నాలుగోసారి అరిస్తేనే వసంతం అనేది వాళ్లమ్మ. నిరుడు రెండోసారికే తొందరపడ్డాడు. ఈ ఏడు లెక్క తప్పలేదు, మంగళవారం మూడోసారి మూగబోయాయి. ఇది నాలుగోసారి. చాలాసేపు విన్నాడు. ఒళ్లంతా తేలికైనట్టనిపించింది, సంతోషం కూడా వేసింది.

లోపలికొచ్చి దీపం కింద గుడ్డ విప్పాడు. గింజ ముక్కు పగిలి, బియ్యపు గింజంత తెల్లటి వేరు బయటికొచ్చింది. ఇక వాయిదా లేదు. కుండీలో మట్టి నింపి, కిటికీ గూట్లో పెట్టి, బల్బు వెలిగించాడు. ఐస్‌క్రీమ్ పుల్ల మీద లావు పెన్సిల్‌తో రాసి మట్టిలో గుచ్చాడు. మట్టి వేడెక్కడానికి అరగంట పడుతుంది. ఆ లోపల వేరుకు చలి తగలకుండా గుడ్డ మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని గుండీ పెట్టాడు.

తెర తాడు పట్టుకుని కాసేపు ఆగాడు. ఎదుటి ఇంట్లో హిల్డా వంటింటి దీపం వెలుగుతోంది. తాడు లాగాడు. తెర పైకి చుట్టుకుంది. ఎల్వుడ్ కుర్చీలో కూర్చుని బూటు తాడు విప్పాడు. రెండో బూటు విప్పలేదు.

పొద్దున్నే పన్నెండు ఇళ్లలో గింజలు పడ్డాయి. నేనూ వేశాను, టీ కూడా తాగకుండా. ఏడున్నరకి పనికి రాలేదేమని క్లైవ్ తలుపు తోసి చూశాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడట. డాక్టరు వచ్చి, చీకటి పడేవేళకే పోయి ఉంటాడన్నాడు, చొక్కా గుండీలు విప్పుతూ. జేబులో గుడ్డ దొరికింది. క్లైవ్ ఆ పెద్ద చేతుల్లో దాన్ని పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, గుమ్మంలో నిలబడ్డ హిల్డాకి ఇచ్చాడు. "చచ్చినోడా, రోజంతా ఇది మోస్తూ నాతో ఇంకా లేదన్నావురా," అని ఏడ్చాడు.

హిల్డా గుడ్డ విప్పి చూసింది. వేరు వాడలేదు. కుండీ దగ్గరికి వెళ్లి మట్టి మీద అరచెయ్యి పెట్టింది, వెచ్చగా ఉంది. పుల్ల మీది రాత చదివింది. చదివి, అతని కుర్చీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వెయ్యనన్నానుగా, మొండోడా," అంది అతనితో.

తర్వాత లేచి, వేలితో మట్టిలో గుంట చేసి, వేరు కిందికి వచ్చేట్టు గింజను దించి, మట్టి కప్పింది. మమ్మల్నెవర్నీ బల్బు ఆర్పనివ్వలేదు. శవాన్ని తీసుకెళ్లాక కూడా తెర ఎత్తే ఉంది. కిటికీలో కుండీ, కుండీలో ఆ పుల్ల, దాని మీద ఎల్వుడ్ లావు అక్షరాలు: ఏప్రిల్ 27, హిల్డా పెరటికి.