పీటల గది

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, ఊడ్పులు అయిన మర్నాడే రామునాయుడు పెళ్ళాన్ని శృంగవరపుకోటలో బస్సెక్కించి విజయనగరం తీసుకొచ్చాడు. ఎవరో జమీందారు గారు దేశదేశాలు తిరిగి పోగేసిన వస్తువులను జనం చూడటానికి తెరిచారట. ఊరంతా చూసొచ్చింది, మనమే మిగిలామని అతని గోల. నెల్లాళ్ళు బురదలో వంగిన నడుము సన్యాసమ్మకి ఇంకా లాగుతూనే ఉంది. ముసుగులు, బల్లేలు, పూసల గొలుసులు ఆమె కళ్ళ ముందు నుంచి ఊరికే జరిగిపోయాయి.

చివరి గదిలో అన్నీ పీటలే. లోకంలో ఉన్న పీటలన్నీ ఇక్కడికే చేరాయి కాబోలు. ఆమె అడ్డంగా కట్టిన తాడు దాటి ఒకదాని మీద కూలబడబోయింది.

"కూకోకమ్మా!" అంటూ కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "అది ఆఫ్రికాలో ఓ ముసల్దాని పీట. ఆ దేశంలో ఎవరి పీట ఆలదే. ఆ మనిషి సచ్చిపోయినా ఇంకెవులూ కూకోకూడదు."

"సూసినావేటే, ఎంత మర్యాదో!" అన్నాడు రామునాయుడు.

సన్యాసమ్మ గోడకి చేరగిలబడి, నున్నగా అరిగి గుంటపడిన ఆ కొయ్యను చాలాసేపు చూసింది.

"ఎంత కూకుందో మహాతల్లి," అంది.