స్నేర్ మీద మైకు

అన్న ఎడమచేతి నరాలు ఒక్కొక్కటే మొండికేస్తున్నాయి. డాక్టరు నాన్చలేదు. "ఈ నెల, మహా అయితే వచ్చే నెల. ఆ తర్వాత ఆ చెయ్యి డ్రమ్ము పుల్ల పట్టుకోదు" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఎవరెవరి పాటల వెనకో డ్రమ్స్ వాయించిన మనిషికి తనదంటూ ఒక వాయింపు ఉంది, తొమ్మిది నిమిషాలది. అది ఇంతవరకు ఎక్కడా రికార్డు కాలేదు. ఇవాళ తమ్ముడి గదిలో కావాలి.

గదిలో మంచం ఎప్పుడో బయటికి పోయింది. పరుపు గోడకి ఆనించి ఉంది, కిటికీకి రెండు దుప్పట్లు వేలాడుతున్నాయి. తమ్ముడివి పాము చెవులు. వంటింట్లో ఫ్రిజ్ గొణుగుడు కూడా వినిపిస్తోందని వదిన చేత దాన్నీ ఆపించాడు.

"పాలు విరిగితే నీ చేతే తాగిస్తా" అంది వదిన.

ఆ పొద్దున అన్న కాఫీ గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. ముగ్గురూ చూశారు, దిష్టి తగులుతుందేమో అన్నట్టు వెంటనే చూపు తిప్పుకున్నారు.

తమ్ముడు దారం తీశాడు. పైన వేలాడే రెండు మైకులూ అన్న మోకాళ్ల మధ్య ఉండే స్నేర్ డ్రమ్ము నడిమధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి, లేకపోతే దెబ్బ పలచబడుతుంది. దారం కొస అన్నే పట్టుకున్నాడు. అది కుదిరాక స్నేర్ అంచున, రెండు వేళ్ల ఎత్తులో, చిన్న మైకు బిగించాడు.

"కొట్టన్నా. ఎడమచేత్తో. వాయించేటప్పుడు దానిమీద పడేది అదేగా."

అన్న కొట్టాడు.

"ఇంకోసారి."

హెడ్‌ఫోన్స్‌లో ఏదో వెలితి అనిపించింది. మైకుని కొంచెం వంచాడు. మళ్లీ కొట్టించాడు. ఈసారి ఇంకాస్త నీరసంగా వినిపించింది. దగ్గరికి జరిపాడు. స్టాండుని తిట్టాడు, డ్రమ్ము చర్మం బిర్రు తగ్గిందేమోనని మరలు తిప్పాడు, మళ్లీ కొట్టించాడు. ఎంత దగ్గరికి తెచ్చినా శబ్దం వెనక్కే పోతోంది. వెంట్రుకవాసి తేడాని కూడా పట్టుకునే మనిషికి ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడలేదు. ఏం చెవులో, ఏం కళ్లో!

వదిన గుమ్మంలోకి వచ్చింది. "ఇక చాలదా? మొదలుపెట్టకూడదూ?"

"ఒక్కసారే దొరికే పని వదినా. మైకు కుదరకపోతే అన్న ఎంత వాయించినా దండగే."

"వాణ్ణి కానీయవే" అన్నాడు అన్న, నుదురు తుడుచుకుంటూ. "వాడి పని వాడికి తెలుసు."

పదకొండింటికి మైకు కుదిరిందన్నాడు తమ్ముడు. అన్న మొదలుపెట్టాడు. కుడిచెయ్యీ కాళ్లూ పరుగందుకున్నాయి. రెండో నిమిషంలో ఎడమచేతి పుల్ల జారి కార్పెట్ మీద పడింది. తీసుకున్నాడు, మళ్లీ పడింది. వదిన టేపు తెచ్చి పుల్లని అరచేతికి చుట్టింది. పుల్ల నిలిచింది గానీ మణికట్టు లేవలేదు.

"ఆపేద్దాంరా" అన్నాడు అన్న.

"చెయ్యి లాగుతోందని ముందే చెప్పొచ్చుగా అన్నా!" తమ్ముడు హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"నాలుగో దెబ్బకే తెలిసింది." అన్న టేపు విప్పుకుంటున్నాడు. "ఎక్కడికెళ్లినా 'డ్రమ్స్‌కి ఏదో ఒక మైకు పడేయండి' అనేవాళ్లేరా. ఇన్నేళ్లలో నా కోసం ఇంతసేపు మైకు సర్దినవాడు లేడు. ఆపబుద్ధి కాలేదు."

మర్నాడు చెయ్యి తేరుకోలేదు. ఆ వారమూ లేదు. కాఫీ గ్లాసు కుడిచేతికి మారింది.

పదోరోజున తమ్ముడు కంప్యూటర్ తెరిచాడు. మైకు సర్దుతున్నంతసేపూ రికార్డింగ్ నడుస్తూనే ఉంది. తెరమీద నలభై మూడు దెబ్బలు, ఒకదాని తర్వాత ఒకటి మెట్లు దిగినట్టు చిన్నవవుతూ వచ్చాయి. ఆ మెట్లకి కారణం మైకేనని నమ్మి పొద్దుటి పూటంతా మరలు తిప్పుతూ కూర్చున్నాడు. తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి దెబ్బ విన్నాడు. నిండుగా, గది మొత్తానికీ సరిపడేంత ఉంది. ఎక్కడా వెలితి లేదు. మైకు అప్పటికే సరైన చోట ఉంది.

ఆ దెబ్బ ఆరిపోకముందే తన గొంతు వినిపించింది. "ఇంకోసారి."